మోకాలి ఎత్తు బూట్లు కొనేటప్పుడు ముందు చూడాల్సింది పిక్క కొలత

వనపర్తి చెల్లి అడిగింది ఇది: ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, పిక్కలు కొంచెం లావు, జనవరిలో ఎమ్మెస్‌కి చికాగో వెళ్తోంది, దానికి ముందు డిసెంబర్‌లో సోమశిలలో వాళ్ల అక్క ప్రీ వెడ్డింగ్ షూట్ ఉంది, అందులో మోకాళ్ల దాకా వచ్చే బూట్లు వేసుకోవాలని ఆశ. ఆన్‌లైన్‌లో రెండు జతలు తెప్పిస్తే రెండింటికీ జిప్ సగంలో ఆగిపోయింది. పొట్టివాళ్లకు ఇవి నప్పవని కజిన్ అంటోంది. బడ్జెట్ 4 వేలు. ఏం కొనాలి?

చెల్లీ, నేను నల్లగొండలో లేడీస్ ఫుట్‌వేర్ షాపు నడుపుతాను, అంతకు ముందు హైదరాబాద్‌లో ఒక షోరూంలో చాలా ఏళ్లు కాళ్లకు చెప్పులు తొడిగిన అనుభవం ఉంది. బూట్ల కోసం వచ్చే ఆడపిల్లలందరూ మొదట చెప్పేది పాదం నంబరే. మోకాలి ఎత్తు బూటుకు నంబర్ రెండో సంగతి, మొదటి సంగతి పిక్క చుట్టుకొలత. నీ జిప్ ఆగిపోయింది కాళ్లు లావుగా ఉండి కాదు, ఆ రెండు జతలూ నీ పిక్క కొలతకు కుట్టినవి కాకపోవడం వల్ల. మామూలుగా కంపెనీలు ఈ బూటు పై భాగాన్ని, అంటే షాఫ్ట్‌ని, 14 నుంచి 15 అంగుళాల చుట్టుకొలతతో కుడతాయి. ఆ లెక్క సన్నగా, పొడుగ్గా ఉన్న కాలును దృష్టిలో పెట్టుకున్నది. మన దగ్గర 5 అడుగుల ఎత్తుండి 15, 16 అంగుళాల పిక్క ఉన్న అమ్మాయిలు ఎంతమంది లేరు? వాళ్లందరూ ఒకసారి జిప్ పట్టకపోయేసరికి ఇక నాకు బూట్లు రాసిపెట్టి లేవని వదిలేస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి ఇవాళ సాయంత్రం టైలర్ టేపు తీసుకో. సాయంత్రమే ఎందుకంటే పొద్దంతా నడిచాక, నిలబడ్డాక పాదం, పిక్క రెండూ కాస్త ఉబ్బుతాయి, పొద్దున కొలిస్తే తక్కువ వచ్చి మోసపోతావు. బూటు లోపల ఏది వేసుకుంటావో, లెగ్గింగ్సో జీన్సో, అది వేసుకునే కొలువు. కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించి పిక్క బాగా లావుగా ఉన్నచోట ఒకసారి, నిలబడి ఒకసారి, రెండు కాళ్లకూ కొలిచి అన్నిట్లోకి పెద్ద కొలత రాసుకో. రెండు కాళ్లకూ అర అంగుళం తేడా ఉండటం మామూలే, కంగారు పడకు. ఆ పెద్ద కొలతకు ఒక సెంటీమీటరు కలుపు, అదే నీకు కావలసిన షాఫ్ట్ చుట్టుకొలత. వేసుకుని జిప్ మొత్తం ఎక్కించాక పైఅంచులో ఒక వేలు సులువుగా దూరాలి. రెండు మూడు వేళ్లు దూరితే బకెట్‌లో కాలు పెట్టినట్టు ఉంటుంది, ఎంత ఖరీదైన బూటైనా అందం పోతుంది.

ఇంకో కొలత కూడా ఉంది, పొట్టిగా ఉన్నవాళ్లకు ఇదే అసలు ప్రాణం. నేల మీద నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంత ఎత్తుందో కొలువు. నీ ఎత్తుకు 15 అంగుళాలకు కాస్త అటూ ఇటూ రావచ్చు. బూటు పైఅంచు ఆ మడతకు కనీసం రెండు వేళ్ల కింద ఆగాలి, అంటే నీకు సరిపోయే షాఫ్ట్ ఎత్తు 13 అంగుళాల దగ్గర. 15, 16 అంగుళాల షాఫ్ట్ ఉన్న బూటు పొడుగు మోడల్ ఫొటోలో చక్కగా మోకాలి కింద ఆగుతుంది, అదే నీకు మోకాలి మీదకు వస్తుంది, కూర్చోగానే వెనకాల కోసుకుంటుంది, నడుస్తుంటే మడత పడి కిందికి జారుతుంది. నీ కజిన్ అన్న మాటకు కారణం ఇదే అయ్యుంటుంది. మోకాలు మూసేసిన బూటు ఎవరినైనా పొట్టిగా చూపిస్తుంది, మోకాలి కింద సన్నగా ఆగే బూటు అలా చూపించదు. ఆన్‌లైన్‌లో కొలత చూసేటప్పుడు ఒక తిరకాసు ఉంది: కొందరు షాఫ్ట్‌ని పాదం మధ్య ఒంపు దగ్గర నుంచి కొలిచి రాస్తారు, కొందరు బూటు మడమ, అంటే హీల్, కలిపి నేల నుంచి మొత్తం ఎత్తు రాస్తారు. రెండోదైతే అందులో మడమ ఎత్తు తీసేసి చూసుకో. ఏ పద్ధతో రాయకపోతే అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి అడుగు, చెప్పనివాళ్ల దగ్గర కొనకు.

అసలు తోలు బూటైతే నాలుగైదుసార్లు వేసుకున్నాక చీలమండ దగ్గర ముడతలు పడి పైఅంచు అర అంగుళం దాకా కిందికి దిగుతుంది. కాబట్టి తోలులో కాస్త ఎత్తుగా ఉన్నా ఫరవాలేదు. రెక్సిన్ అలా దిగదు, మొదటిరోజు గుచ్చుకుంటే చివరిదాకా గుచ్చుకుంటుంది.

పాదం నంబర్ గురించి తొందరగా చెప్పేస్తాను. చెప్పుల మీద ఉండే 6, 7 నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి, వాటిని నమ్ముకుని బూటు ఆర్డర్ పెట్టొద్దు. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడుగ్గా ఉన్న వేలి చివర గీత పెట్టి సెంటీమీటర్లలో కొలువు. 23.5 వస్తే సుమారుగా యూరప్ 37, బ్రిటన్ 4. 24 దాటితే 38, 5 అనుకో. అమెరికా లేడీస్ నంబర్ బ్రిటన్ నంబర్ కంటే దాదాపు రెండు ఎక్కువ ఉంటుంది, చికాగోలో కొనేటప్పుడు గుర్తుంటే చాలు. బూటులో సాక్స్ వేస్తాం కాబట్టి రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకో, లోపల ఒక ఇన్‌సోల్ వేస్తే సర్దుకుంటుంది.

ఇప్పుడు జిప్. మన ఇళ్లల్లో గడప దగ్గరే విప్పాలి, చుట్టాలింటికి పోయినా అంతే, గుడి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే నా మాట విని, లోపలి వైపు చీలమండ నుంచి పై దాకా పూర్తి జిప్ ఉన్నదే తీసుకో. లేసులతో కట్టేవి ఫొటోలో బాగుంటాయి, ఇంటి ముందు వంగి పదినిమిషాలు విప్పుకోవాల్సి వస్తే మళ్లీ ముట్టవు. జిప్ లేకుండా కాలు దూర్చి లాక్కునేవి పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకు అసలు ఎక్కవు. సగం జిప్ ఉన్నవీ వద్దు, నీకు ఇబ్బంది ఉన్నదే పై సగంలో. జిప్ పక్కన కింది నుంచి పైకి ఎలాస్టిక్ పట్టీ కుట్టి ఉంటే ఇంకా మంచిది, అది ఒక అంగుళం దాకా సాగి ఇస్తుంది, లావు పిక్కలకు ఆ పట్టీ చాలా మేలు. కొనే ముందు రన్నర్‌ని పైకీ కిందికీ పదిసార్లు లాగి చూడు, ఎక్కడైనా పట్టేసిందంటే ఆ జత పక్కన పెట్టు. బూటు పాడయ్యేది ఎక్కువగా జిప్ దగ్గరే. రన్నర్ మీద వైకేకే అని ఉంటే జపాన్ కంపెనీ జిప్ అన్నమాట, దాన్ని నేను ధైర్యంగా తీసుకుంటాను, కాకపోతే ఆ పేరుతో నకిలీలూ ఉన్నాయి, కాబట్టి పేరు చూసినా లాగి చూడటం మానకు. జిప్ వెనకాల కాలుకు తగలకుండా ఒక పల్చటి పట్టీ ఉందో లేదో కూడా చూడు, లేకపోతే లెగ్గింగ్స్ పళ్లలో ఇరుక్కుంటుంది.

ఇప్పటికే ఇష్టపడి కొన్న జత అర అంగుళం, ముప్పావు అంగుళం బిగుతుగా ఉంటే పారేయక్కర్లేదు. చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గరకు తీసుకెళ్తే వెనక కుట్టు విప్పి పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే ఎలాస్టిక్ ముక్క వేసి కుడతాడు. నలుపు బూటుకు నలుపు ఎలాస్టిక్ వేస్తే ఎవరూ గుర్తుపట్టరు. మా దగ్గర గడియారం సెంటర్ చుట్టుపక్కల ఈ పని చక్కగా చేసేవాళ్లు ఉన్నారు, మహబూబ్‌నగర్‌లోనూ దొరుకుతారు. బేరం ముందే మాట్లాడుకో, ఇది ఓపికతో చేసే పని కాబట్టి మరీ గీచి గీచి అడగకు.

తోలా, రెక్సినా అన్నది అందరూ అడుగుతారు. 4 వేలలో మోకాలి ఎత్తు బూటు మొత్తం అసలు తోలుతో వస్తుందని నేను అనుకోను, ఒక్క జతకు అంత తోలు పడుతుంది మరి. ఎవరైనా 2 వేలకే ప్యూర్ లెదర్ అని ఇస్తున్నారంటే బూటు అడుగున, లేదా పెట్టె మీద ఉన్న గుర్తు చూడు: చర్మం పరిచినట్టు ఉండే బొమ్మ ఉంటే తోలు, వట్టి డైమండ్ ఆకారం ఉంటే సింథటిక్, అల్లిక గుర్తు ఉంటే గుడ్డ. ఈ గుర్తులు యూరప్ నిబంధన వల్ల వచ్చాయి కాబట్టి మన లోకల్ సరుకు మీద ఉండకపోవచ్చు. అప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కు, తోలైతే వేలి చుట్టూ సన్నటి ముడతలు పడతాయి, రెక్సిన్ అయితే ఊరికే లొత్త పడి మళ్లీ లేస్తుంది. జిప్ పక్కన కోసిన అంచు చూడు, తోలుకు పీచు కనిపిస్తుంది, రెక్సిన్‌కు కింద గుడ్డ కనిపిస్తుంది. జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉన్నంత మాత్రాన మొదటి రకం తోలు అనుకోవద్దు, కింది పొర తీసి పైన ప్లాస్టిక్ పూత పూసినదాని మీద కూడా అదే ముద్ర వేస్తారు.

అలాగని రెక్సిన్ పనికిరాదని నేననను. ఏడాదికి రెండు మూడు నెలలు, షూట్‌లకూ ఫంక్షన్లకూ వేసుకునేదానికి మంచి రెక్సిన్ చాలు, ముఖ్యంగా లోపల మెత్తటి గుడ్డ లైనింగ్ ఉండి, పైన కాస్త సాగే రకం అయితే పిక్కకు తోలు కంటే బాగా అతుక్కుంటుంది. దానికి శత్రువు మన ఎండ. నల్లగొండలో మే నెల 44, 45 డిగ్రీలు అంటే మనకు కొత్త కాదు కదా. ఆ వేడికీ, తర్వాత వచ్చే వానాకాలం తేమకీ రెక్సిన్ మీది పాలీయురేథేన్ పూత లోపలి నుంచే విరిగిపోతుంది, ఒకరోజు ముట్టుకుంటే పొట్టు రాలినట్టు రాలుతుంది. అదే పాలీయురేథేన్‌తో చేసిన పీయూ సోల్ అయితే వాడకుండా అల్మారాలో పెట్టినా పొడి పొడి అవుతుంది. అందుకే పాత స్టాకు 70 శాతం తగ్గింపుకు వస్తుందని ఎగబడొద్దు, పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటుంది, రెండేళ్లు దాటితే వదిలెయ్. కారు డిక్కీలో ఎండాకాలం అస్సలు పెట్టొద్దు, సొల్యూషన్ కరిగి సోల్ ఊడుతుంది. బైక్ మీద వెనక కూర్చునేటప్పుడు సైలెన్సర్‌కు తగలకుండా చూసుకో, రెక్సిన్ ఒక్క క్షణంలో కరిగి అతుక్కుంటుంది, ఆ మచ్చకు వైద్యం లేదు.

స్వేడ్, అంటే పైన నూగు ఉండే తోలు, దాని జోలికి మాత్రం వెళ్లకు. చూడటానికి ఎంత ముద్దొచ్చినా మన పాలమూరు ఎర్ర దుమ్ము దాని నూగులో దూరిందంటే బ్రష్ పెట్టి రుద్దినా పూర్తిగా పోదు. సోమశిలలో కృష్ణ ఒడ్డున ఇసుక, తడి, ఎర్రమట్టి మూడూ ఉంటాయి, అక్కడికి నున్నటి బూటే సుఖం, తడి గుడ్డతో తుడిస్తే అయిపోతుంది.

మడమ విషయంలో నా అభిప్రాయం గట్టిది. వెడల్పుగా ఉండే బ్లాక్ హీల్, 2 నుంచి 2.5 అంగుళాలు. పొట్టిగా ఉన్నానని 4 అంగుళాల సన్న మడమ తీసుకున్నావంటే నది ఒడ్డున మడమ దిగబడుతుంది, రాళ్ల మీద కాలు మెలిక పడుతుంది, ఫొటోలో ముఖం మీద భయం కనిపిస్తుంది. ఈ రకం బూటు మొదట గుర్రపు స్వారీది, అక్కడ తక్కువ ఎత్తు మడమే ఉండేది, 1960ల్లో స్కర్టులు మోకాలి పైకి పోయాక ఆడవాళ్ల ఫ్యాషన్‌లో జోరుగా వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ బూటు అందం అంతా పైఅంచుకూ బట్ట అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉందన్నదాని మీదే ఆధారపడి ఉంది, మడమ ఎత్తు మీద కాదు.

అక్కడే నీకు పనికొచ్చే సంగతి ఉంది. పొడుగ్గా కనిపించాలంటే ఆ ఖాళీ అయినా ఉండకూడదు, లేదా ఒకే రంగుతో నిండి ఉండాలి. నల్ల బూటు, నల్ల లెగ్గింగ్స్, పైన మోకాలి దాకా వచ్చే ఫ్రాక్ వేస్తే ఫ్రాక్ అంచు నుంచి పాదం దాకా ఒకే గీత కనిపిస్తుంది. లేదంటే బూటు పైఅంచును కప్పేసే పొడుగు స్కర్టు, నడిచినప్పుడు మాత్రమే బూటు కనిపించేలా. ఆ స్కర్టు నారాయణపేట చేనేత కాటన్‌తో కుట్టించు, చెక్స్ మీద ఆ రంగు అంచు కింద కాఫీ రంగు బూటు ఎంత అందంగా ఉంటుందో ఒకసారి అద్దంలో చూసుకో. పోచంపల్లి ఇక్కత్ ఫ్రాక్ మీదికైతే నలుపు, అందులో డిజైన్ ఎక్కువ కాబట్టి బూటు మీద బకిల్స్, గొలుసులు, మెరుపులు ఏమీ ఉండకూడదు. పక్క చీలిక ఉన్న పొడుగు కుర్తా కూడా బాగుంటుంది, చీలిక బూటు పైఅంచు కంటే పై నుంచే మొదలవ్వాలి. లేత గోధుమ, తెలుపు బూట్లు ఫొటోల్లో పిలుస్తాయి కానీ ముదురు లెగ్గింగ్స్ మీద కాలును రెండు ముక్కలు చేస్తాయి, నీ ఎత్తుకు మొదటి జతగా వద్దు. ముందు భాగం మరీ గుండ్రంగా కాకుండా బాదం గింజలా కొద్దిగా సన్నబడితే పాదం నాజూగ్గా ఉంటుంది. ఊళ్లో ఎవరైనా వింతగా చూస్తారేమో అని టెన్షన్ పడకు, కొలత సరిగ్గా ఉండి నువ్వు హాయిగా నడుస్తుంటే చూసేవాళ్లు ఎక్కడ కొన్నావనే అడుగుతారు.

ధర దగ్గర ఒక మాట: 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు జతకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. కాబట్టి 2,500కు కొంచెం లోపల ఉన్న జతకూ, 2,900 ఉన్నదానికీ సరుకులో తేడా పెద్దగా ఉండకపోవచ్చు, ఆ ఎక్కువ డబ్బులో పన్నే చాలా ఉంటుంది. నీ 4 వేలు మొత్తం ఇక్కడ పెట్టొద్దంటాను. 2,500 లోపు మంచి రెక్సిన్, సాగే రకం, పూర్తి జిప్, బ్లాక్ హీల్, 13 అంగుళాల షాఫ్ట్, నలుపు లేదా కాఫీ రంగు. జిల్లా షాపుల్లో వెరైటీ తక్కువ, ఒకరోజు హైదరాబాద్ వెళ్లి అబిడ్స్, కోఠి వైపు సాయంత్రం తిరుగు, టేపు బ్యాగులో పెట్టుకుని, షూట్‌కు వేసుకునే లెగ్గింగ్స్ వేసుకుని. షాపులో వేసుకుని నిలబడితే సరిపోదు, కుర్చీలో కూర్చో, రెండు మెట్లు ఎక్కి దిగు, కింద కూర్చుని లే. ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే వైడ్ కాఫ్, అంటే లావు పిక్కలకు కుట్టినవి, అని వెతుకు, వెనక్కి తీసుకుంటారో లేదో చూసుకో, ఇంట్లో తివాచీ మీద నడిచి చూడు, సోల్‌కు మట్టి అంటితే మళ్లీ తీసుకోరు.

మిగిలిన డబ్బు చికాగో కోసం దాచుకో. ఇక్కడ అమ్మే ఫ్యాషన్ బూట్లు అక్కడి మంచుకు పనికిరావు, ఇది బంధువులు ఎవరు చెప్పినా నమ్మొద్దు. వీటి సోల్ చలికి గట్టిపడి మంచు మీద జారుతుంది, లోపల వెచ్చదనం ఉండదు, కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. అక్కడ లోతు గాడులున్న రబ్బరు సోల్, నీళ్లు దిగని పైభాగం, లోపల ఉన్ని లాంటి పొర ఉన్న స్నో బూట్లు విడిగా కొనుక్కో, చలికాలం చివర్లో తగ్గింపులు వస్తాయి కానీ నువ్వు దిగేదే జనవరిలో కాబట్టి తగ్గింపు కోసం ఆగకుండా మొదటివారమే కొను. వైడ్ కాఫ్ బూట్లు కూడా అక్కడ ఇక్కడికంటే సులువుగా దొరుకుతాయి, 16 అంగుళాల పైన కూడా. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అది బూటు మీద తెల్లటి చారలు చేస్తుంది, తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో తుడిస్తే పోతాయి, ఆ రాత్రే తుడవాలి, వదిలేస్తే తోలు పగులుతుంది.

ఇక్కడ కొన్న జతను తీసుకెళ్లాలనుకుంటే ఫ్లైట్‌లో కాళ్లకు వేసుకుని కూర్చోవద్దు, అన్ని గంటల ప్రయాణంలో కాళ్లు ఉబ్బుతాయి, పిక్కను బిగించి పట్టుకునే బూటు ఆరోగ్యానికీ మంచిది కాదు. సూట్‌కేసులో పెట్టు, షాఫ్ట్ మడత పడకుండా లోపల సాక్సులు, దుపట్టాలు చుట్టలుగా కూరు, జిప్ పూర్తిగా పైకి వేసి ఉంచు.